రెండు తువ్వాళ్లు

ఇప్పటి పిల్లలు పోస్టరును ఫోనులోనే గీసి ఫోనులోనే అంటించేస్తున్నారు. చేతికి మైదా జిగురు అంటదు, గోడ ఎక్కనక్కర్లేదు, అవతలివాడి మనుషులు నిచ్చెన లాగేస్తారన్న భయం లేదు. మా మనవరాలు కూడా ఆ పనిలోనే ఉంది. మొన్న ఏదో ప్రకటనలో ఒక మాట తప్పు పడిందని దాని ఆఫీసులో పెద్ద గొడవైందట, మొహం వేలాడేసుకుని వచ్చింది. ఒక్క మాటకేనా అన్నాను. నీకు తెలీదులే తాతా అంది. నాకు తెలీదట! ఒక్క మాటతో ఒక కంపెనీ బోర్డు దింపించెయ్యబోయినవాణ్ణి నేను. అదేమిటో చెబుతాను, కాస్త ఫోను పక్కన పెట్టి వినండి.

అరవైల చివరి సంవత్సరాలు. భాషాప్రవీణ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాసే మొహం లేక, విజయనగరంలో ఒక బాక్సింగ్ కంపెనీలో మేనేజరుగా చేరాను. మేనేజరు అన్నది పిలవడానికి. కరపత్రం రాయడం, ప్రెస్సులో దగ్గరుండి అచ్చు వేయించడం, గోడల మీద అంటించడం, జట్కాలో మైకు పట్టుకుని ఊరంతా అరవడం, ఆటరోజు బల్ల దగ్గర కూర్చుని గంట కొట్టడం, చివర్లో ఫలితం చదవడం, అన్నీ నేనే. కంపెనీ అన్నదీ పిలవడానికే. ఒక గుడారం, రెండు జతల గ్లౌజులు, గోగునార తాళ్లకి పాత చీరలు చుట్టి కట్టిన రింగు. రింగన్నారు, గుండ్రంగా ఉంటుందని వచ్చాం, నాలుగు పలకలుగా ఉందేమిటని నిలదీసినవాళ్లు కూడా ఉన్నారు.

మా ప్రొప్రైటరు అంతకుముందు నాటకాల కంట్రాక్టరు. భారీ మనిషి, భారీ గొంతు, బుగ్గన ఎప్పుడూ కిళ్లీ. నాటకాలకి జనం పల్చబడ్డాక, విశాఖపట్నంలో నావికులు బాక్సింగ్ ఆడుతుంటే చూసి, ఇదేదో పద్యాలు లేని నాటకంలా ఉంది, మనకి పనికొస్తుందని దిగిపోయారు. వాల్తేరు రైల్వే షెడ్డులో బొగ్గు ఎత్తే మనిషిని తీసుకొచ్చి ఆసియా ఖండ విజేత అని నాచేత రాయించారు. ఎప్పుడు గెలిచాడండీ అని అడిగితే, ‘నువ్వు రాసినప్పుడు గెలిచినాడు’ అన్నారు. అబద్ధం ఆడని రోజున ఆయనకి ఒంట్లో బాగోలేదని మేం అనుకునేవాళ్లం.

శ్రీకాకుళంలో ఇంకొకాయన ఉండేవారు. ఆయన పేరు వింటే మా ప్రొప్రైటరు కిళ్లీ ఉమ్మేసేవారు, అంచేత మేం నాగావళి ఆయన అని చాటుగా చెప్పుకునేవాళ్లం. సన్నటి మనిషి, తగ్గు గొంతు. ఎండైనా వానైనా భుజం మీద మడత నలగని పొందూరు ఖద్దరు తువ్వాలు, నీలం అంచుది. టూరింగు టాకీసు నడిపి, అది గాలివానకి ఎగిరిపోతే ఇందులోకి వచ్చారు. యుద్ధకాలంలో రంగూన్ నుంచి నడిచొచ్చిన కుటుంబాలు ఆ వైపు చాలా ఉన్నాయి. వాళ్లలో బాక్సింగ్ బాగా తెలిసిన ఒక పెద్దాయన్ని పట్టుకుని, ఆయన కొడుకుని తయారు చేయించారు, వాణ్ణి మేం రంగూన్ వాడు అనేవాళ్లం. మేం అబద్ధాలు రాసి జనాన్ని పిలుస్తుంటే, ఆయన నిజంగా ఆట వచ్చినవాణ్ణి పెట్టి పిలిచేవారు. మాకు ఒళ్లు మండడానికి అసలు కారణం అదే.

మేం ఆదివారం ఆట పెడితే ఆయన శనివారం పెట్టేవారు. మేం శనివారానికి జరిపితే ఆయన శుక్రవారానికి జరిపేవారు. ఆయన పోస్టరు ఆరకముందే నేను దాని మీద మాది కప్పేవాణ్ణి, ఆయన మనిషి వచ్చి మా దాని మీద వాళ్లది కప్పేవాడు. ఆమదాలవలస స్టేషను గోడ మీద ఒక్క సీజనులో ఎన్ని పొరలు పేరుకున్నాయంటే, వానకి నాని మొత్తం అట్టలా ఊడి కింద పడుకున్న మేక మీద పడింది. మేకకి ఏమీ కాలేదు, లేచి సగం పోస్టర్లు తినేసింది కూడా.

ఈ పోటీలో నేను చేసిన మొదటి ఘనకార్యం చెప్పాలి. బాక్సింగ్ అనే ఇంగ్లీషు మాట నా చెవికి కటువుగా ఉండేది. పరీక్ష తప్పినంత మాత్రాన భాష మీద మోజు పోదు కదా. ‘మహా ముష్టియుద్ధం’ అని నిలువెత్తు అక్షరాలతో అచ్చు వేయించాను. సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. మా ఊళ్లో ముష్టి అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. జట్కాలో అరుచుకుంటూ వెళుతుంటే గంటస్తంభం దగ్గర కూరలమ్మే ఆవిడ జట్కా ఆపించి అడిగింది. ‘ముష్టోళ్లు కొట్టుకుంతన్నారా బాబూ? ఏటి, ఎవులూ పెట్టలేదనా?’

మర్నాటికి నాగావళి ఆయన మైకు ఏకంగా మా ఊరి బజారులోకే వచ్చేసింది. ముష్టి కావలసినవారు విజయనగరంలోనే ఉండండి, బాక్సింగ్ కావలసినవారు శ్రీకాకుళం రండి అని ప్రకటన. ఆ వారం మా గుడారంలో బల్లలు బల్లల్లాగే ఉన్నాయి, కూర్చునే నాథుడు లేడు. నన్ను తరిమేస్తారనుకున్నాను. ప్రొప్రైటరు కిళ్లీ నములుతూ, ఇకమీదట జనం మాట్లాడే మాటే రాయమని మాత్రం అన్నారు. తల వంచుకుని ఒట్టేసుకున్నాను. ఆ ఒట్టే కొంప ముంచింది.

నిజంగా ఆట వచ్చినవాడు మాకూ ఒకడు దొరికాడు, రామతీర్థం దగ్గరి ఒక పల్లెలో. పగలు జూటుమిల్లులో పని, సాయంత్రం వాళ్ల ఊరి తాలింఖానాలో సాధన. కుస్తీ, కర్రసాము, గరిడీ అన్నీ ఆ తాలింఖానా మట్టిలోనే నేర్చాడు. నేర్పిన గురువు స్వయానా మేనమామ. తల్లి పోయిన మేనల్లుణ్ణి ఆయనే పెంచారు. అరవై దాటిన మనిషి, తెల్లటి మీసాలు, భుజం మీద ఎర్రగళ్ల తువ్వాలు. బాక్సింగ్ ఆయనకి తెలీదు గానీ, వాల్తేరు నుంచి మేం రప్పించిన బాక్సింగ్ మాస్టరు మేనల్లుడికి దెబ్బలు నేర్పుతుంటే గట్టు మీద కూర్చుని చూసి, కాళ్లు ఎక్కడ తప్పు పడుతున్నాయో ఆయన చెప్పేవారు. ఆ మాస్టరు కూడా నోరు మూసుకుని వినేవాడు.

ఆ తాలింఖానాలో ఒక ఆచారం ఉండేది. శిష్యుడి పట్టు గానీ దెబ్బ గానీ మనసారా నచ్చితే, గురువు తన భుజం మీది తువ్వాలు తీసి వాడి కాళ్ల ముందు వేస్తారు. తువ్వాలు పడితే ఆ రోజుకి ఆట చాలు. ఇంతకు మించి చూడ్డానికి ఏమీ లేదని అర్థం. ఆ తువ్వాలు ఇక శిష్యుడిదే. గురువుగారు ఎందరికో వేశారట గానీ మేనల్లుడికి ఒక్కసారి కూడా వెయ్యలేదు. సొంతవాడని కాస్త ఎక్కువ బిగించి పట్టుకున్నారు కాబోలు. వాడు ఆ మాట నాతో నవ్వుతూనే చెప్పాడు, చెప్పి, తువ్వాలు అందుకున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

మూడో ఏడు వచ్చేసరికి రెండు కంపెనీల పరిస్థితీ అంతంత మాత్రం. ఏజెన్సీ కొండల్లో నక్సలైట్ల గొడవలు ముదిరాయి. పొద్దు వాలాక జనం గుమిగూడతారంటే పోలీసు పర్మిషను దొరికేది కాదు. దొరికిన నాలుగు మధ్యాహ్నాలకి ఇద్దరు ప్రమోటర్లు ఎక్కువైపోయారు. ఒకరోజు చీపురుపల్లి స్టేషనులో టీ కొట్టు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. మా ఆయన ఒకటి అన్నారు, ఆయన మెల్లిగా రెండు అన్నారు, టీ చల్లారేలోగా పందెం పడింది. ఒక్కటే ఆట, మావాడికీ రంగూన్ వాడికీ. ఎవరి మనిషి ఓడితే ఆ కంపెనీ బోర్డు దింపెయ్యాలి, ఈ రెండు ఊళ్లలో మళ్లీ బాక్సింగ్ మాట ఎత్తకూడదు. ఇద్దరూ అరచేతిలో చెయ్యి వేసుకున్నారు.

తిరుగు రైల్లో మా ప్రొప్రైటరుని చూశాక గానీ నాకు ఆ పందెం బరువు తెలియలేదు. నాటకాలు పోయాయి. ఇదీ పోతే ఆ వయసులో ఆయనకి చేత అయ్యే పని మరొకటి లేదు. ఇంటినిండా ఆడపిల్లలు, కంపెనీని నమ్ముకున్న మేం ఎనిమిది మందిమి. బోర్డు దిగడమంటే అందరం దిగడమే.

ఆట చీపురుపల్లిలోనే, ఎవరి ఊరూ కాకుండా మధ్యలో. రిఫరీగా విశాఖపట్నం నుంచి నేవీలో బాక్సింగ్ నేర్పి రిటైరైన పెద్దమనిషిని పిలిచారు. ఎటు వైపు వాడూ కాదు, నిప్పులాంటి మనిషి, మా పల్లెల ఆచారాలు మాత్రం ఆయనకి బొత్తిగా తెలియవు. నియమాల కాగితం తెలుగులో ఉండాలని ప్రమోటర్లిద్దరూ అన్నారు. రాయడం నా వంతు వచ్చింది. బాక్సింగ్‌లో ఆటగాడి మూలన ఒక మనిషి ఉంటాడు. తనవాడు ఇక దెబ్బలు తినలేడనిపిస్తే ఆ మనిషి రింగులోకి తువ్వాలు విసురుతాడు, దాంతో ఓటమి ఒప్పుకున్నట్టు. నేను ‘విరమణ సూచకముగా వస్త్రమును’ అని మొదలుపెట్టాను. ముష్టి గుర్తొచ్చింది. కొట్టేసి, జనం మాటలో రాశాను: ‘మూలన ఉన్న గురువు తువ్వాలు వేస్తే ఆట ముగిసినట్టే.’ ఎంత చక్కగా కుదిరిందో అని నాలో నేనే మురిసిపోయాను. ఓడినట్టు అన్న మాట అందులో లేదు. తెలిసినవాళ్లకి అది వేరే చెప్పాలా అనుకున్నాను.

మావాడి మూలన ఉండేది గురువుగారే. ఆయనకి చదువు రాదు, ఒకసారి వింటే మాత్రం మర్చిపోరు. తాలింఖానాకి వెళ్లి కాగితం మొత్తం చదివి వినిపించాను. తువ్వాలు దగ్గర చెయ్యెత్తి ఆపి, ‘మళ్లీ సదువు బాబూ’ అన్నారు. చదివాను. ఆయన మొహం విప్పారింది. ‘దొరల ఆటన్నావు. ఇదీ మన తాలింఖానా ఆటే కదేటి’ అన్నారు. నేనూ నవ్వి, అంతేనండీ అన్నాను. ఆ ఆచారం తెలిసినవాణ్ణి, ఈ కాగితం రాసినవాణ్ణి, రెండూ నా బుర్రలోనే ఉన్నాయి, ఒకదానికొకటి తగల్లేదు. మేనల్లుడు ఆ సమయానికి మిల్లులో ఉన్నాడు. వాడు పక్కనుండి వింటే ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆటరోజు మధ్యాహ్నం రెండు వైపుల నుంచీ వచ్చిన రైళ్లు చీపురుపల్లిలో ఖాళీ అయిపోయాయి. మైదానం సరిపోక జనం పక్కనున్న ధాన్యం గోదాము మెట్ల మీదికి ఎక్కారు. రింగు పక్కనే నా బల్ల, దాని మీద గంట, మైకు, నియమాల కాగితం. నా వెనక కుర్చీలో మా ప్రొప్రైటరు. బల్లకి అటు పక్క కుర్చీలో నాగావళి ఆయన. పందెం నాడు మొదలు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

రంగూన్ వాడు గొప్పగా ఆడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎడమ చెయ్యి ఎప్పుడు వస్తోందో కనబడేది కాదు. మూడు రౌండ్లు మావాడు తిన్న దెబ్బలే ఎక్కువ. పెదవి చిట్లింది. గంట కొట్టిన ప్రతిసారీ గురువుగారు వాడికి నీళ్లు పట్టి, తాటాకు విసనకర్రతో విసిరి, చెవిలో ఏదో చెప్పేవారు. అవతలి మూలన రంగూన్ పెద్దాయన కొడుక్కి అదే చేసేవారు. వెనకనుంచి మా ప్రొప్రైటరు కిళ్లీ నమలడం ఆగిపోయిన సంగతి నాకు చూడకుండానే తెలిసింది.

నాలుగో రౌండులో మావాడు ఒక్కసారి కుడికాలు వెనక్కి వేసి కుంగాడు. అది బాక్సింగ్ అడుగు కాదు, కర్రసాము అడుగు. రంగూన్ వాడు ముందుకి వచ్చాడు. కింద నుంచి లేచిన చెయ్యి వాడి గడ్డానికి తగిలింది. వాడు చేతులు రెండూ ముందుకి చాచి, ఎవరో కూర్చోమన్నట్టు కూర్చుని, పక్కకి ఒరిగిపోయాడు. రిఫరీ వచ్చి వేళ్లు చూపిస్తూ లెక్కపెట్టసాగాడు. పది దాకా లేవకపోతే ఆట మాది. మైదానం అంతా ఆయనతో కలిసి లెక్కపెడుతోంది. అయిదు, ఆరు, ఏడు.

అప్పుడు పడింది రింగు మధ్యలో ఎర్రగళ్ల తువ్వాలు.

గురువుగారు మూల వదిలి తాళ్ల లోపలికి వచ్చేశారు. రెండు కళ్లా నీళ్లు కారిపోతున్నాయి. మేనల్లుడి గడ్డం పట్టుకుని ఏదేదో అంటున్నారు. రిఫరీ లెక్క ఆపేశాడు. తువ్వాలు వైపు చూశాడు, ఎవరి మూల నుంచి వచ్చిందో చూశాడు, వెళ్లి కింద పడి ఉన్న రంగూన్ వాడి చెయ్యి పట్టుకుని, గెలుపు వాడిదన్నట్టు పైకెత్తాడు. గురువుగారు అది చూసి మేనల్లుడితో అన్న మాట నాకు వినబడింది. ‘పడినోణ్ణి సెయ్యి పట్టి నేపుతన్నాడు. మంచి మనిషిరా.’

శ్రీకాకుళం వాళ్లు కుర్చీలెక్కి గెంతుతున్నారు. మా వాళ్లు మేమే గెలిచామని గెంతుతున్నారు. రిఫరీ నా బల్ల దగ్గరికి వచ్చి, నా కాగితం మీద నా వాక్యం కింద వేలు పెట్టి, ప్రకటించమన్నట్టు తల ఊపాడు. అప్పుడు గానీ నేనేం రాశానో నాకు అర్థం కాలేదు.

మావాడు తాళ్ల మీదుగా నా వైపు వంగాడు. వాడికి రూలు తెలుసు. ఏం జరిగిందో వాడికి అర్థమైపోయింది. పళ్ల మధ్య రబ్బరు ముక్క గ్లౌజులోకి ఉమ్మి, చిట్లిన పెదవితో అన్నాడు. ‘మేనేజరు బాబూ, మా మావకి సెప్పకండి.’

చెప్పకపోతే బోర్డు దిగుతుంది. నేను వెనక్కి తిరిగి ప్రొప్రైటరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తప్పు నాదనీ, మైకులో చెప్పేస్తాననీ, ముసలాయన ఈ ఆట రూలు తెలియక వేశారని చెబితే జనమే ఈ ఫలితాన్ని ఒప్పుకోరనీ, మళ్లీ ఆడించమంటారనీ. ఆయన నన్ను చూడలేదు. రింగులో తువ్వాలు తీసి మేనల్లుడి భుజం మీద వేస్తున్న గురువుగారినే చూస్తున్నారు. జీవితమంతా గోడల మీద అబద్ధాలు అంటించిన మనిషి, ఒక్క నిజం చెబితే బతికి బయటపడే చోట నోరు విప్పారు.

‘ఊరంతా ఇనేలాగ ఆ ముసలోడికి ఆట తెల్దని సెప్తావా? నలభయ్యేళ్లు ఆట నేర్పినోడికి?’ అన్నారు. ‘అలగేటి వద్దు. సదివీ. బోర్డు నాను దింపుకుంతాను.’

ఇన్నేళ్లు దగ్గర పనిచేసి ఆ మనిషిని నేను అప్పటిదాకా చూడనే లేదనిపించింది. మైకు చేతిలోకి తీసుకున్నాను.

నాగావళి ఆయన కుర్చీ మాకు మూడు మూరల దూరం. ఈ మాటలన్నీ ఆయన విన్నారు. తన మీద పడి కావలించుకుంటున్న మనుషుల్ని మెల్లిగా విడిపించుకుని లేచి, తన ఆటగాడి మూలకి నడిచారు. భుజం మీది పొందూరు తువ్వాలు తీశారు. ఆ భుజం తువ్వాలు లేకుండా నేను చూడడం అదే మొదలు. దాన్ని రంగూన్ పెద్దాయన చేతిలో పెట్టారు.

‘ఎయ్యి మావా.’

పెద్దాయన తెల్లబోయారు. ‘ఏటిది? మనం గెలిచినాం కదా.’

‘గెలవలేదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎయ్యి.’

పెద్దాయన కొడుకు వైపు చూశారు. వాడు అప్పుడే స్టూలు మీద కుదురుకుంటున్నాడు, ఒక కన్ను వాచిపోయింది. మావాడి భుజం మీద ఎర్రగళ్ల తువ్వాలు చూశాడు, తండ్రిని చూసి తల ఊపాడు. పెద్దాయన తువ్వాలు విసిరారు. నీలం అంచుది వచ్చి మావాడి కాళ్ల ముందు పడింది.

రిఫరీ దాన్ని చూశాడు. నా కాగితాన్ని చూశాడు. ఫలితం ఇంకా మైకులో చదవలేదు, అంటే గెలుపు ఇంకా ఎవరి పేరా ఖాయం కాలేదు. రెండు మూలలూ విరమించుకుంటే విజేత లేడు. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది చూళ్లేదని గొణుక్కుని, రెండు చేతులూ అడ్డంగా ఊపి, ఫలితం లేదని చెప్పమన్నాడు.

ఫలితం లేదంటే జనం రింగు పీకేస్తారు. ముష్టి అని ఒకసారి, తువ్వాలు అని ఒకసారి, మాటల చేతిలో రెండుసార్లు దెబ్బ తిన్నవాణ్ణి. మూడోసారి నోరు తెరిచి, దేవుడా నువ్వే దిక్కు అనుకుని చదివాను. ‘ఇరువైపులా గురువులు తువ్వాళ్లు వేశారు. ఆట ముగిసింది.’

రిఫరీ తల ఊపాడు, ఆయన చెప్పమన్నదే నేను చెప్పాను. మైదానం మైదానమంతా చప్పట్లు కొట్టింది. వాళ్లలో సగం మంది మా తాలింఖానాల వైపు వాళ్లే కదా, ఎదుటి వైపు గురువు కూడా తువ్వాలు వేశాడంటే ఎంత గొప్ప దెబ్బో వాళ్లకి వేరే చెప్పాలా. గోదాము మెట్ల మీది నుంచి గాలిలోకి తువ్వాళ్లు ఎగిరాయి. గురువుగారు నీలం అంచు తువ్వాలు తీసి కళ్లకి అద్దుకోవడం చూశాను. నేను బల్ల కింద గంట వెతుకుతున్నట్టు వంగి కళ్లు తుడుచుకున్నాను. గంట బల్ల మీదే ఉంది.

ఎవరూ ఓడలేదు గనక ఎవరి బోర్డూ దిగలేదు. సర్దుకునే హడావిడిలో నీలం అంచు తువ్వాలు మా సామాన్లలోకి వచ్చేసింది. మా ప్రొప్రైటరు నాగావళి ఆయనకి ఆ రోజు ఒక్క మాట చెప్పలేదు. నోటితో చెప్పడం ఆయనకి రాదు. మూడోనాడు ఆ తువ్వాలు ఉతికించి, ఇస్త్రీ చేయించి, కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, ఇచ్చేసి రమ్మన్నారు. ‘పోస్టరు మీద పోస్టరు ఇకమీదట మనం ఎయ్యం, అది కూడా సెప్పు’ అన్నారు. ఆయన కృతజ్ఞత అంతే.

ఆమదాలవలసలో రైలు దిగి బస్సు పట్టుకుని వెళ్లేసరికి ఆయన అరసవల్లిలో ఉన్నారన్నారు. ఆదివారం కదా, దర్శనానికి వచ్చే జనం మధ్య కరపత్రాలు పంచిస్తున్నారు. అక్కడి ఒక లాడ్జి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి కొబ్బరిముక్క చేతిలో పెట్టారు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఆయనకి ముందే అర్థమైంది. తువ్వాలు మాట తీసేసి, ఓడినవాడి మూల నుంచి విసనకర్ర పడెయ్యాలని రాయండి అని సలహా చెప్పారు. అంతకుముందు నేను ఎర్రజెండా అని రాద్దామనుకున్నానంటే, ఈ రోజుల్లో శ్రీకాకుళంలో ఎర్రజెండా ఊపితే రిఫరీ కంటే ముందు పోలీసులొస్తారని నవ్వారు. ఆ తర్వాత ఆడినన్నాళ్లూ మా రెండు కంపెనీల్లో ఓటమికి గుర్తు తాటాకు విసనకర్రే. ప్రపంచంలో మరెక్కడా ఉండదనుకుంటాను.

చేతికొచ్చిన ఆట ఎందుకు వదిలేశారని అడక్కుండా ఉండలేకపోయాను.

‘మీ ప్రొప్రైటరు బాబు బోర్డు దింపీస్తే నానెవులితో పోటీ పడాల?’ అన్నారు. ‘ఎదురు బోర్డు లేకపోతే నా బోర్డు ఎవులు సదువుతారు?’ ఆ తర్వాత కరపత్రాలు పేర్చుకుంటూ, గొంతు ఇంకా తగ్గించి అన్నారు. ‘ఆయన బోర్డు పోగొట్టుకోడానికి సిద్ధపడినాడు, ఆ ముసలాయన కోసం. నాను ఒక గెలుపు పోగొట్టుకోలేనేటి?’

కాగితం విప్పి తువ్వాలు అందించాను. ముట్టుకోలేదు.

‘ఏసిన తువ్వాలు ఎనక్కి తీసుకుంటారేటి మేనేజరు గారూ? మీ విజీనారంలో అలగ సేస్తారేటి? అది ఆటగాడిది.’

రెండు కంపెనీలూ మరికొన్నాళ్లు నడిచాయి. ఒకరి పోస్టరు పక్కన ఒకరిది అంటించుకున్నాం, మీద కాదు. మైకులో తిట్టుకోవడం మాత్రం మానలేదు. అది లేకపోతే జనం రారు. చివరికి ఇద్దర్నీ మూయించింది సినిమా. నేను సినిమా హాలు ప్రచారంలోకి వెళ్లి అక్కడే రిటైరయ్యాను. ఎన్నో పోస్టర్లు, ఎన్నో మాటలు రాశాను. నేను కూర్చిన వాక్యాల్లో ఇప్పటికీ నాకు నచ్చేది ఆ రోజు మైకులో చదివినదొక్కటే.

ఆ ఆదివారం అరసవల్లి నుంచి తిరిగొస్తూ నెల్లిమర్లలో దిగి, తాలింఖానాకి వెళ్లాను. మేనల్లుడు మట్టి తవ్వుతున్నాడు. భుజం మీద ఎర్రగళ్ల తువ్వాలు, పని చేస్తున్నా తియ్యలేదు. నేను పొట్లం ఇస్తే చేతులకి మట్టి ఉందని తీసుకోలేదు. గురువుగారు తీసుకుని, మడత విప్పి, నేత వేళ్లతో తడిమి చూసి, మేనల్లుడి రెండో భుజం మీద వేశారు. మేనల్లుడు నా వైపు ఒకసారి చూసి, మళ్లీ పార అందుకున్నాడు.

‘మన తువ్వాలు మనం ఏసుకోడం గొప్పేటి కాదు బాబూ’ అన్నారు గురువుగారు. ‘ఎదుటోడై ఉండి ఏసినాడు సూడు, ఆయనే ఆట తెలిసినోడు.’